పోచంపాడ్‌లో 17,156 అడుగుల నీరు!

పోచంపాడ్ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం ఎంత? ఆర్మూరు, బాల్కొండ వైపు ఏ రైతునడిగినా తడుముకోకుండా చెప్పేస్తాడు... 1091 అడుగులని. వానాకాలం వచ్చిందంటే పేపర్లో అందరి కళ్లూ ముందు వెతికేది ఆ అంకెనే.

ఇప్పుడో చిత్రం చూద్దాం. ఒక కంప్యూటర్ ఆ 1091ని ఫైల్లో రాసిపెట్టింది. అదే ఫైలును ఇంకోరకం కంప్యూటర్‌లో తెరిస్తే నీటిమట్టం 17,156 అడుగులని చూపించింది. ఎవరెస్టు శిఖరంలో సగం ఎత్తు దాటిపోయిందన్నమాట!

పోచంపాడ్‌లో ఇలా జరిగిందని కాదు సుమా! విషయం తెలియడానికి చేసిన ఊహ ఇది. లెక్క మాత్రం నిజం. రెండు కంప్యూటర్లలో ఏదీ చెడిపోలేదు, వైరస్ రాలేదు, ఫైల్లో ఒక్క చుక్క కూడా చెరిగిపోలేదు. మరి ఎక్కడొచ్చింది తేడా? రాసినవాడు ఒకవైపు నుంచి రాశాడు, చదివినవాడు రెండోవైపు నుంచి చదివాడు. అంతే!

రెండు అరల కథ

కంప్యూటర్ అంకెలను బైట్లలో దాస్తుంది. బైటు అంటే ఒక చిన్న అర అనుకోండి. అందులో 0 నుంచి 255 వరకు ఏదో ఒక అంకె పడుతుంది. 1091 ఒక అరలో పట్టదు కాబట్టి రెండు అరలు కావాలి. మనం పదులు, వందలు లెక్కపెట్టినట్టే కంప్యూటర్ 256 చొప్పున కట్టలు కడుతుంది. 1091లో నాలుగు కట్టలు, పైన చిల్లర 67. అంటే 4, 67.

ఇక్కడే ఉంది తిరకాసు. ముందు అరలో కట్టల సంఖ్య పెట్టాలా, చిల్లర పెట్టాలా? కొన్ని కంప్యూటర్లు 4, 67 అని పెడతాయి. కొన్ని 67, 4 అని పెడతాయి. మొదటి పద్ధతిలో రాసినదాన్ని రెండో పద్ధతివాడు చదివితే 67ను కట్టలనుకుంటాడు, 4ను చిల్లర అనుకుంటాడు. 67ను 256తో హెచ్చవేసి 4 కలపండి... సరిగ్గా 17,156!

ఇంత పెద్ద తప్పయితే చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు. భయపడాల్సింది కంటికి ఆనని తప్పుకి. బోధన్ వైపు చెరకు తోలే రైతు ట్రాలీ కాంటా మీద 9,250 కిలోలు తూగిందనుకుందాం. అరల్లో అది 36, 34. తిరగేసి చదివితే 34, 36. అంటే 8,740 కిలోలు. అర టన్నుకు పైగా చెరకు మాయం! చూస్తే 8,740 కూడా ట్రాలీ బరువులాగే కనిపిస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. పోనీ బరువు 1028 ఉందనుకోండి. అది 4, 4. ఎటునుంచి చదివినా ఒకటే. పరీక్ష కోసం ఎవరైనా ఆ ఒక్క అంకెనే చూస్తే 'అంతా బాగానే ఉంది' అని సంతకం పెట్టేస్తారు.

మన ఇళ్లలోనూ ఉన్నదే

ఇదేదో యంత్రాల గొడవ అనుకోకండి. ఈ రెండు నడకలూ మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. తెలుగువాళ్లం పేరు రాసేటప్పుడు ఇంటిపేరు ముందు రాస్తాం. పెద్దది ముందు, చిన్నది తర్వాత. అదే ఉత్తరం మీద చిరునామా రాసేటప్పుడు ఇంటినంబరుతో మొదలుపెట్టి వీధి, ఊరు, మండలం, జిల్లా అంటూ పోతాం. చిన్నది ముందు, పెద్దది తర్వాత. అమెరికా వెళ్లిన మన పిల్లలకు అక్కడి ఫారాల్లో ఇంటిపేరు కాస్తా పిలిచే పేరై కూర్చోవడం, 03-04 అని రాస్తే ఏప్రిల్ మూడో తేదీ మార్చి నాలుగైపోవడం తెలిసిన సంగతే.

సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో ఇంకో ఉదాహరణ దొరుకుతుంది. మేళకర్త రాగాల పేర్లలో వాటి సంఖ్య దాగి ఉంటుంది. దీన్ని కటపయాది పద్ధతి అంటారు. మాయామాళవగౌళలో మొదటి రెండక్షరాలు మా, యా. మా అంటే 5, యా అంటే 1. వరసగా చదివితే 51. కానీ ఆ రాగం 15వ మేళకర్త. ధీరశంకరాభరణంలో ధీ అంటే 9, ర అంటే 2. కానీ అది 29వది. అంకెలను కుడినుంచి ఎడమకు చదవాలన్నది ఆ పద్ధతిలో నియమం. నియమం తెలిసినవాళ్లకు రాగం దొరుకుతుంది. తెలియనివాళ్లు 51వ రాగం దగ్గర వెతుకుతుంటారు!

గుడ్డు ఎటువైపు పగలగొట్టాలి?

కంప్యూటర్ల లోకంలో ఈ రెండు పద్ధతులకు పేర్లు కథల పుస్తకం నుంచి వచ్చాయి. జొనాథన్ స్విఫ్ట్ 1726లో వెలువరించిన గలివర్ యాత్రల్లో లిల్లిపుట్ మరుగుజ్జులు కోడిగుడ్డును పెద్దకొసవైపు పగలగొట్టాలా, చిన్నకొసవైపు పగలగొట్టాలా అని యుద్ధాలే చేస్తారు. డానీ కోహెన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1980 ఏప్రిల్ 1న రాసిన ఓ వ్యాసంలో బైట్ల వరస మీద ఇంజినీర్లు పడుతున్న తగవును ఈ గుడ్డు తగవుతో పోల్చాడు. అప్పటినుంచి పెద్ద భాగం ముందు పెట్టేవి బిగ్ ఎండియన్, చిన్న భాగం ముందు పెట్టేవి లిటిల్ ఎండియన్ అయ్యాయి. మనం పెద్దకొస, చిన్నకొస అనుకుందాం.

1964లో వచ్చిన ఐబీఎం 360 పెద్ద కంప్యూటర్లది పెద్దకొస. 1979 నాటి మోటరోలా 68000 చిప్‌దీ అదే దారి. 1978లో వచ్చిన ఇంటెల్ 8086ది చిన్నకొస. మన ఇళ్లలో కంప్యూటర్లు, చేతుల్లో ఫోన్లు ఇప్పుడు దాదాపు అన్నీ చిన్నకొసవే. అయితే తగవు తీరిపోయినట్టేనా? తీరలేదు. బ్యాంకుల్లో వాడే ఐబీఎం మెయిన్‌ఫ్రేములు నేటికీ పెద్దకొసవే. ఇంటర్నెట్‌లో చిరునామాలు ప్రయాణించేదీ పెద్దకొస పద్ధతిలోనే. అన్నిటికీ మించి, పాత యంత్రాలు రాసిపెట్టిన ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

'చెరకు' చైనాకు పోతే...

అంకెల సంగతి సరే, అక్షరాల మాటేమిటి? యూనికోడ్‌లో తెలుగుకు 1991లో తొలి విడతలోనే చోటు దొరికింది. ప్రతి అక్షరానికీ ఓ సంఖ్య ఇచ్చారు. దాన్ని రెండు అరల్లో రాసే పద్ధతిలో మన అక్షరాలన్నిటికీ పెద్ద అరలో ఉండేది 12. తెలుగు అక్షరాల ఇంటిపేరు 12 అన్నమాట! పక్కింటి కన్నడానికీ అదే ఇంటిపేరు.

'చెరకు' అని రాసి, అరలను తిరగేసి చదివితే ఏమవుతుందో చూడండి. 'చ' కాస్తా ఇండోనేషియాలోని బుగీ లిపి అక్షరమవుతుంది. ఎత్వం, కొమ్ము రెండూ చైనా అక్షరాలైపోతాయి. 'ర' జపాన్‌వాళ్లు వాడే కొటేషన్ గుర్తవుతుంది. 'క' కెనడా ఆదివాసుల లిపిలోకి వలసపోతుంది. బోధన్ చెరకు ఒక్క దెబ్బకు నాలుగు దేశాలు తిరిగొచ్చినట్టే!

దీనికి యూనికోడ్ పెద్దలు ఒక ఉపాయం చేశారు. ఫైలు మొదట్లో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతారు. అది 254, 255 అని కనిపిస్తే పెద్దకొస, 255, 254 అని కనిపిస్తే చిన్నకొస. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతి ఈ గొడవనే తీసేసింది. అందులో తెలుగు అక్షరానికి మూడు అరలు పడతాయి. వాటి వరస మాత్రం ఏ యంత్రంలోనైనా ఒకటే. ఇప్పుడు ఇంటర్నెట్‌లో మనం చదివే తెలుగు దాదాపు అంతా ఇదే.

వరదకు రెండు అరలు చాలవు

వరస కుదిరినంత మాత్రాన పని అయిపోదు. ఎన్ని అరలన్నదీ ముఖ్యమే. రెండు అరల్లో పట్టే పెద్ద అంకె 65,535. గోదావరికి వరదొస్తే పోచంపాడ్‌కు చేరేది లక్షల క్యూసెక్కులు. లక్ష క్యూసెక్కులను రెండు అరల్లో కుక్కితే మిగిలేది 34,464. మిగతాది పొంగిపోయి లెక్కలోంచి జారిపోతుంది. ఆనకట్టకున్న 42 గేట్లలో ఎన్ని ఎత్తాలో తేల్చేచోట అలాంటి అంకె చేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

సి భాషలో 'లాంగ్' అనే ఒక రకం అంకె ఉంది. 64 బిట్ల విండోస్‌లో దానికి నాలుగు అరలు. అదే చిప్ మీద నడిచే 64 బిట్ల లైనక్స్‌లో ఎనిమిది అరలు. అక్కడ రాసింది ఇక్కడ చదివితే రెండేసి అంకెలు కలిసి ఒకటైపోతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రాసెసర్లకు పెద్ద అంకెలను కుదురుగా, నాలుగేసి అరల హద్దు దగ్గర మొదలుపెట్టడం ఇష్టం. కాంటా చీటీలో సీజన్ కోడ్‌కు ఒక అర, బరువుకు నాలుగు అరలు అనుకుంటే మొత్తం అయిదు కావాలి. కానీ చాలా కంప్యూటర్లు మధ్యలో మూడు అరలు ఖాళీగా వదిలేసి ఎనిమిది వాడతాయి. అయిదేసి అరల చొప్పున చదివే యంత్రానికి మొదటి చీటీ నుంచే లెక్క తప్పుతుంది. ఒక రైతు బరువులో ఇంకో రైతు కోడ్ కలిసిపోతుంది.

ఆనకట్టకు వందేళ్లు, కంప్యూటర్‌కు అయిదేళ్లు

ఇదంతా ఇంజినీర్ల తలనొప్పి కదా, మనకెందుకు అంటారా? పోచంపాడ్ సంగతే చూడండి. 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేశారు. జలాశయంలో 112 టీఎంసీలు పడతాయని మొదట లెక్కగట్టారు. పూడిక పేరుకుంటూ రావడంతో తర్వాతి సర్వేల్లో అది 90 టీఎంసీలకు, ఇటీవల 80 టీఎంసీల పైచిలుకుకు దిగిపోయింది. ఏ ఎత్తులో ఎంత నీరుందో, ఏటా ఎంత మట్టి చేరిందో తెలియాలంటే నిన్నటి సర్వేను ముప్పై, నలభై ఏళ్లనాటి సర్వే పక్కన పెట్టి చూడాలి. పాత కొలతలు కాగితం మీద ఉంటే కళ్లజోడు చాలు. ఫైల్లో ఉంటే, ఆ ఫైలు రాసిన యంత్రం పాతసామాన్లవాడికి పోయి చాలాకాలమై ఉంటుంది!

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఏ ఫ్యాక్టరీ అయినా సరే, గేటుకు తాళం పడ్డంత మాత్రాన లెక్కలతో అవసరం తీరదు. చెరకు తోలిన రైతుకు బకాయి లెక్క కావాలి. ముప్పై ఏళ్లు పనిచేసిన కార్మికుడికి సర్వీసు రికార్డు కావాలి, పీఎఫ్ కావాలి, పింఛను కావాలి. యంత్రానికి వయసైపోయాక కూడా అది రాసిన లెక్కతో మనిషికి పని ఉంటుంది.

జాగ్రత్తగా చేస్తే లెక్కలు యంత్రాలు దాటి బతుకుతాయి. రైల్వే రిజర్వేషన్ సంగతే చూడండి. 'కాన్సర్ట్' సాఫ్ట్‌వేర్‌ను రైల్వేలకు చెందిన క్రిస్ సంస్థ మొదట అమలు చేసింది మన సికింద్రాబాద్‌లోనే, 1994లో. అది నడిచిన ఓపెన్ వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టం పుట్టింది వ్యాక్స్ యంత్రాల మీద. అక్కడినుంచి ఆల్ఫాకు, తర్వాత ఐటానియంకు మారింది. మూడూ మూడు జాతుల ప్రాసెసర్లు. అయినా మూడింటి మీదా చిన్నకొస పద్ధతినే ఉంచారు. దశాంశాల సంఖ్యలకు మాత్రం వ్యాక్స్‌ది సొంత పద్ధతి, ఐటానియంది అంతర్జాతీయ ప్రమాణం. అందుకని మార్చుకునే వసతి కల్పించారు. ఎక్కడ తేడా వస్తుందో ముందే తెలిస్తే వంతెన కట్టుకోవచ్చు.

నుదుటి రాత రెండక్షరాలు

ఇప్పుడు పరిష్కారం దగ్గరకొద్దాం. సూత్రం ఒక్కటే. ఫైల్లో అంకెలు రాస్తే సరిపోదు, ఎలా రాశామో కూడా రాయాలి. లేదా, యంత్రం ఏదైనా సరే ఫలానా పద్ధతిలోనే రాయాలని ముందే ఒప్పందం చేసుకోవాలి.

మొదటి దారికి మంచి ఉదాహరణ టిఫ్ బొమ్మల ఫైలు. ఉపగ్రహ చిత్రాలు ఎక్కువగా దాని రూపంలోనే వస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం భువన్ ద్వారా ఇచ్చే డేటాలోనూ ఈ రూపం ఉంది. ఆ ఫైలు నుదుట మొదటి రెండక్షరాలు 'ఐఐ' అయితే ఇంటెల్ పద్ధతి, 'ఎంఎం' అయితే మోటరోలా పద్ధతి. వెంటనే 42 అనే అంకె ఉంటుంది. 42 అని చదవగలిగితే మన నడక సరైనదే. 10,752 అని వస్తే తిరగేసి చదువుతున్నామన్నమాట.

రెండో దారి ఎస్‌క్యూలైట్‌ది. 2000లో వచ్చిన ఈ చిన్న డేటాబేస్ ఇప్పుడు మన ఫోన్లన్నిటిలో ఉంది. ఏ ప్రాసెసర్ మీద నడిచినా ఫైల్లో అంకెలను పెద్దకొస పద్ధతిలోనే రాస్తుంది. చిన్నకొస ఫోన్లో రాసిన ఫైలు పెద్దకొస యంత్రంలోనూ తెరుచుకుంటుంది. చాలాకాలం దాచే సమాచారానికి తగిన రూపాల్లో ఒకటిగా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని గుర్తించింది.

కాల్వల దారులు, ఆయకట్టు హద్దుల్లాంటి పటాలు గీసేచోట కనిపించే షేప్ ఫైలుది ఇంకా విచిత్రం. పైనుండే కోడ్, ఫైలు పొడవు పెద్దకొసలో, హద్దుల కొలతలు చిన్నకొసలో ఉంటాయి! రెండు పద్ధతులూ ఒకే ఫైల్లో ఉన్నా ఇబ్బంది లేదు. ఏది ఎలా ఉందో తయారుచేసినవాళ్లు పత్రంగా రాసి అందరికీ ఇచ్చారు కాబట్టి. పద్ధతి వంకరైనా ఫర్వాలేదు, దాచిపెట్టకుంటే చాలు.

1980లు, 90ల్లో ఎన్నో ఆఫీసుల్లో వాడిన డీబేస్, ఫాక్స్‌ప్రో ఫైళ్లు నేటికీ ఎలా తెరుచుకుంటున్నాయో తెలుసా? డీబేస్‌లో 1091ని రెండు అరల్లో కుదించకుండా ఒకటి, సున్నా, తొమ్మిది, ఒకటి అని నాలుగు అక్షరాలుగానే రాసేవారు. చోటు ఎక్కువ పట్టినా సందేహానికి తావు లేదు. ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీసులోనూ అవి తెరుచుకుంటాయి. అన్నీ ఇలాగే రాయొచ్చుగా అంటే, కోట్ల చుక్కలుండే ఉపగ్రహ చిత్రాలకు అంత చోటు, అంత సమయం పెట్టలేం. అందుకే కుదించక తప్పదు, కుదించిన తీరు చెప్పకా తప్పదు.

మీ ఇంట్లో ఏం చేయొచ్చు?

* దుకాణం లెక్కలు, పొలం లెక్కలు ఏదైనా సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, ఏడాదికోసారి వాటిని పీడీఎఫ్‌గానూ, సీఎస్‌వీగానూ కూడా తీసి ఉంచుకోండి. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన మామూలు అక్షరాలు. ఏ యంత్రమైనా చదువుతుంది.

* తెలుగులో ఉన్నవాటిని దాచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి.

* పాత కంప్యూటర్ అమ్మేముందు ఫైళ్లను కొత్తదాంట్లోకి ఎక్కించి ఊరుకోకండి. తెరిచి, నాలుగైదు అంకెలను పాత తెరతోనో కాగితంతోనో సరిపోల్చుకోండి. మొత్తం కూడికనూ చూడండి. ఒక్క అంకె సరిపోతే అది 1028 లాంటిది కావచ్చు!

* ఫైళ్ల పక్కనే ఒక చిన్న చీటీ రాసిపెట్టండి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ సంవత్సరం, బరువులు కిలోలా క్వింటాళ్లా... ఈ నాలుగు ముక్కలు చాలు.

* కాంటా చీటీలు, పాసు పుస్తకాలు, సర్వీసు కాగితాల అసలు ప్రతులను 'కంప్యూటర్లో ఉందిగా' అని పారేయకండి.

తాతలు రాసిన పద్దు పుస్తకాలు చెదలు పట్టకుండా ఉంటే ఇప్పటికీ చదువుకుంటున్నాం. మనం రాసిన ఫైళ్లకు చెద పట్టదు. కానీ చదివే నియమం పోతే అవి ఉన్నా లేనట్టే. ఇవాళ ఆదివారమే కదా... బీరువాలో మూలకు పడేసిన ఆ పాత పెన్‌డ్రైవ్‌ను ఒకసారి తీసి చూడండి. తెరుచుకుంటే అందులో ఏముందో, ఎలా రాశారో ఓ కాగితం మీద రాసి దాంతోపాటే పెట్టండి.